దగ్గరే, ఇప్పుడే అనే రెండు మాటలు

(నెల్లూరు పురమందిరంలో టూరిజం, హోటల్ మేనేజ్‌మెంట్ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, ముందు వరుసలలో కూర్చున్న విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

నేను ఈ ఊళ్ళోనే, మూలాపేటలో పుట్టి పెరిగాను. పెళ్ళయిన తర్వాత మావారి ఉద్యోగం వల్ల అమెరికాలోని కొలరాడో రాష్ట్రానికి వెళ్ళాను. పిల్లలు కాస్త ఎదిగి, నాకు పని చేసుకునే అనుమతి వచ్చిన సంవత్సరం చలికాలంలో, అక్కడి కొండల్లో ఒక స్కీ రిసార్టులో గెస్ట్ హోస్టుగా చేరాను. వరసగా నాలుగు చలికాలాలు, శని ఆదివారాల్లోనూ సెలవు రోజుల్లోనూ ఆ పని చేశాను. మీరు నేర్చుకుంటున్నది అతిథి సేవ కాబట్టి ఆ అనుభవం చెప్పమని ఈ సమావేశం ఏర్పాటు చేసినవారు అడిగారు. మంచు మీద జారే విద్య గురించి చెప్పడానికి తగినవాళ్ళు వేరే ఉన్నారు. ఆ విద్య కోసం వేల సంఖ్యలో వచ్చే జనం మధ్య రోజుకు ఎనిమిది గంటలు నిలబడి, అడిగినవారికి దారి చెప్పడం, అడగలేనివారిని గుర్తుపట్టి పలకరించడం అనే పని గురించి నేను మాట్లాడతాను.

ముందు ఆ చోటు ఎటువంటిదో చెప్పాలి. కొలరాడో రాజధాని డెన్వర్ నగరం సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తున, అంటే సరిగ్గా ఒక మైలు ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి పడమటగా కొండల్లోకి పోయే రహదారి 11 వేల అడుగులు దాటిన చోట ఐసెన్‌హోవర్ సొరంగంలో దూరి, పర్వతాల అవతల సమ్మిట్ కౌంటీలోకి దిగుతుంది. 1973లో తెరిచిన ఆ సొరంగం వైపు చలికాలపు శనివారం తెల్లవారకముందే కార్లు బారులు తీరతాయి, ఎందుకంటే అవతల నాలుగు పెద్ద స్కీ రిసార్టులు ఉన్నాయి. వాటిలో 1961లో మొదలైన బ్రెకెన్‌రిడ్జ్ కొండ పాదమే 9,600 అడుగుల ఎత్తున ఉంటుంది. అక్కడ 2005లో కట్టిన ఇంపీరియల్ అనే కుర్చీ లిఫ్టు మనుషుల్ని 12,840 అడుగుల దాకా తీసుకుపోతుంది. ఉత్తర అమెరికాలో అంతకన్నా ఎత్తుకు చేర్చే కుర్చీ లిఫ్టు మరొకటి లేదు. నేను పనిచేసిన చోటు కూడా ఆ కొండల్లోనిదే. మన నెల్లూరు సముద్రమట్టానికి పట్టుమని ఇరవై మీటర్ల ఎత్తు కూడా ఉండదు. మైపాడు ఒడ్డున పీల్చే గాలిలో అందే ప్రాణవాయువు పది పాళ్ళు అనుకుంటే, తొమ్మిదిన్నర వేల అడుగుల దగ్గర ఒక్కో ఊపిరికి అందేది ఏడు పాళ్ళే. ఆ లిఫ్టు దిగేచోట ఆరు పాళ్ళకు కాస్త పైన. ఈ లెక్కను మనసులో ఉంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకు వస్తాను.

కొండ మీదికి జనాన్ని చేర్చే కుర్చీ లిఫ్టు కథ కూడా మన పనికి సంబంధించినదే. 1936లో ఐడాహో రాష్ట్రంలోని సన్ వ్యాలీలో యూనియన్ పసిఫిక్ రైల్వే కంపెనీ ఒక స్కీ రిసార్టు కట్టినప్పుడు, ఆ కంపెనీ ఇంజనీరు జేమ్స్ కర్రన్ దీన్ని రూపొందించాడు. అంతకుముందు ఆయన అరటి గెలలను కొక్కేలకు తగిలించి ఓడల్లోకి ఎక్కించే యంత్రాల మీద పనిచేశాడు. కొక్కెం ఉన్నచోట కుర్చీ పెడితే మనిషిని కూడా కొండ ఎక్కించవచ్చని ఆయనకు తోచింది. అయితే అరటి గెలకు భయం ఉండదు, తనవాళ్ళు ఏ కుర్చీలో ఉన్నారోనన్న ఆదుర్దా ఉండదు. లిఫ్టు ఆగదు, కాళ్ళకు స్కీలు అనే ఆరడుగుల పలకలు కట్టుకున్న మనిషి గీత మీద నిలబడితే కుర్చీ వెనుకనుంచి వచ్చి మోకాళ్ళ వెనుక తగులుతుంది, వెంటనే కూర్చోవాలి. కొత్త రకం లిఫ్టులలో ఎక్కే చోట కుర్చీ తనను లాగే పెద్ద తాడును వదిలి నెమ్మదిస్తుంది, పాత రకంలో ఆ వెసులుబాటు లేదు. కుర్చీ దగ్గర నిలబడేది లిఫ్టు ఆపరేటరు. ఆ గీత దాకా జనాన్ని తడబాటు లేకుండా చేర్చేది గెస్ట్ హోస్ట్. నలుగురు పట్టే కుర్చీలో ముగ్గురు వెళ్తే ఒక చోటు ఖాళీగా పోతుంది. అందుకని ఒంటరిగా వచ్చినవాళ్ళకు వేరే వరుస పెట్టి, ఆ ఖాళీలలో వాళ్ళను సర్దుతాం. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా ఉండే వారంలో, జనవరి, ఫిబ్రవరి నెలల్లో సోమవారం సెలవు కలిసివచ్చే వారాంతాల్లో, ఈ సర్దుబాటు సరిగ్గా జరగకపోతే వరుస కొండ మలుపు దాకా పెరుగుతుంది.

రిసార్టులో పనిచేసే మిగతా అందరి చేతుల్లో ఏదో ఒక సాధనం ఉంటుంది. ఆపరేటరుకు యంత్రం ఉంది. నేర్పేవారికి విద్య ఉంది. వీపున తెల్ల క్రాసు గుర్తు వేసుకుని తిరిగే స్కీ ప్యాట్రోల్ వారికి మందుల సంచి, గాయపడినవారిని కిందికి దించే బండి ఉన్నాయి. ప్యాట్రోల్ వారి జాతీయ సంస్థను 1938లో చార్లెస్ మైనాట్ డోల్ అనే ఆయన స్థాపించాడు. అంతకు ముందు ఆయన స్వయంగా వాలులో పడి చీలమండ విరగ్గొట్టుకుని, తీసుకుపోయే దిక్కు లేక చాలాసేపు మంచులో పడి ఉన్నాడు. మా దగ్గర ఉండేవి మడతపెట్టిన దారుల పటాలు, ఒక వాకీటాకీ, మాట. ఉదయం ఏడున్నరకు చిన్న సమావేశం జరుగుతుంది. రాత్రి ఎంత మంచు పడింది, ఏ లిఫ్టు ఆలస్యంగా తెరుచుకుంటుంది, ఏ దారి మూసి ఉంది, గాలి ఎటునుంచి ఎంత వేగంతో వీస్తుంది అన్నవి చెబుతారు. అవి చిన్న పుస్తకంలో రాసుకునేదాన్ని. పెన్సిలుతో రాసేదాన్ని, ఎందుకంటే ఆ చలిలో పెన్నులోని సిరా కదలదు.

ఇక నేను చెప్పదలచుకున్న ప్రధాన విషయానికి వస్తాను. నేను ఆ పనిలో చేరినప్పుడు నెల్లూరు నుంచి రెండు మాటలు వెంట తీసుకుపోయాను. ఆ రెండింటినీ వదులుకోవడానికి నాకు ఒక చలికాలం పట్టింది.

మొదటిది "దగ్గరే" అనే మాట. ట్రంకు రోడ్డు మీద ఎవరినైనా ఆగి ఫలానా వీధి ఎక్కడని అడగండి. "దగ్గరేనమ్మా, ఇట్టా పోతే వచ్చేస్తాది" అంటారు. అది నిజంగా దగ్గర కాకపోయినా అట్లానే అంటారు. నడిచేవాడికి గుండె నిబ్బరం ఇవ్వాలన్న దయతో అంటారు తప్ప మోసగించాలని కాదు. నేనూ మొదటి వారాల్లో స్కీలు అద్దెకిచ్చే చోటు ఎక్కడని అడిగిన ప్రతివారికీ దగ్గరే అని చెప్పాను. నా లెక్కలో అది మూడు వందల మీటర్లు. ఒక రోజు మా బృందంలోని పెద్దావిడ, బడిపంతులుగా రిటైరై ఎన్నో ఏళ్ళుగా హోస్టుగా ఉన్నావిడ, నన్ను పక్కకు పిలిచి ఒక జత స్కీ బూట్లు ఇచ్చి, అవి వేసుకుని, స్కీలు భుజాన పెట్టుకుని ఆ మూడు వందల మీటర్లు నడిచి రమ్మంది.

స్కీ బూటు గట్టి ప్లాస్టిక్‌తో చేసిన పెట్టె లాంటిది. చీలమండ వంగదు. ముందు మడమ ఆనించి, తర్వాత మొత్తం పాదాన్ని ముందుకు దొర్లించాలి. గట్టిపడిన మంచు మీద ఒక్కో అడుగుకూ టక్కుమని చప్పుడవుతుంది, ఒక్కో అడుగుకూ జారుతుందేమోనన్న అనుమానం కలుగుతుంది. భుజం మీది స్కీలు ఒకదాని మీద నుంచి ఒకటి జారుతూ ఉంటాయి. వెనక్కి తిరిగితే వాటి కొనలు పక్కవారి ముఖానికి తగులుతాయి, కాబట్టి తిరగకూడదు. పల్చటి గాలిలో ఊపిరి అందదు. సగం దూరంలో ఆగి, ఒక స్తంభాన్ని ఆనుకుని నిలబడ్డాను. నేను వెళ్ళి చేరేసరికి పద్నాలుగు నిమిషాలు పట్టింది. అంతకుముందు రోజు పసిబిడ్డను ఎత్తుకున్న ఒక తల్లికి అదే దారి చూపించి నవ్వుతూ "దగ్గరే" అన్న సంగతి ఆ స్తంభం దగ్గర గుర్తుకొచ్చి నాకు చాలా బాధ కలిగింది. దూరాన్ని చెప్పేవాడి కాళ్ళతో కొలవకూడదు, అడిగినవాడి కాళ్ళతో కొలవాలి. ఆ తర్వాత నేను మీటర్లలో చెప్పడం మానుకున్నాను. "మీరు బూట్లు వేసుకుని ఉన్నారు కాబట్టి పదిహేను నిమిషాలు పడుతుంది, ఇక్కడ విప్పి చేతిలో పట్టుకుని మామూలు బూట్లతో నడిస్తే ఆరు నిమిషాలు, బిడ్డతో ఉన్నారు కాబట్టి, వెనుక వైపు నుంచి వచ్చే ఉచిత బస్సు ఎక్కితే నడక లేదు" అని చెప్పేదాన్ని. ఇది చెప్పడానికి అర నిమిషం ఎక్కువ పడుతుంది, వెనుక వరుసలో ఉన్నవాళ్ళు విసుక్కుంటారు. అయినా చెప్పాలి.

రెండో మాట "ఇప్పుడే". బస్సు ఎప్పుడు వస్తుందంటే ఇప్పుడే, డాక్టరుగారు ఎప్పుడొస్తారంటే ఇప్పుడే, వడ్డన ఎప్పుడంటే ఇదిగో ఇప్పుడే. ఈ మాట నా చేత చేయించిన తప్పు నేను మరిచిపోలేనిది.

అది నా మొదటి జనవరి నెల, సోమవారం సెలవు కలిసివచ్చిన ఆదివారం. పదిన్నర గంటలకు కొండ శిఖరం మీద గాలి పెరిగి లిఫ్టు ఆపేశారు. గాలికి కుర్చీలు ఊగి స్తంభాలకు తగిలే ప్రమాదం ఉంటుంది కాబట్టి, వేగం తగ్గేదాకా నడపరు. దాన్ని విండ్ హోల్డ్ అంటారు. వరుసలో కనీసం నాలుగు వందల మంది ఉన్నారు. అక్కడి పెద్ద రిసార్టులలో రద్దీ రోజున కిటికీ దగ్గర కొనే ఒక్క రోజు టికెట్టు 200 డాలర్లు దాటుతుంది కాబట్టి, ఆగిన ప్రతి నిమిషానికీ వాళ్ళ మనసులో ఒక వెల ఉంటుంది. ఇద్దరు చిన్న పిల్లలతో ఉన్న ఒక తండ్రి, లోపలికి వెళ్ళి వెచ్చగా కూర్చోమంటారా, ఇక్కడే ఉండమంటారా అని నన్ను అడిగాడు. నాకు ఏమీ తెలియదు. వాకీటాకీలో ఎవరూ ఏమీ చెప్పలేదు. అయినా ఆ పిల్లల ముఖాలు చూసి, వాళ్ళ ఉత్సాహం చెడగొట్టడం ఇష్టంలేక, "పది నిమిషాలే, ఇప్పుడే మొదలవుతుంది" అన్నాను. వాళ్ళు ఉండిపోయారు. పది నిమిషాల తర్వాత మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను. యాభై నిమిషాల తర్వాత ఆ రోజుకు ఆ లిఫ్టు నడవదని కబురు వచ్చింది. చిన్నబిడ్డ చేతి తొడుగు తీసి చూస్తే రెండు వేళ్ళ కొనలు తెల్లగా, మైనంలాగా అయిపోయి ఉన్నాయి. అది చలి కాటుకు మొదటి దశ. అట్లాంటి వేళ్ళను రుద్దకూడదు, మంట దగ్గర పెట్టకూడదు; ఒంటి వెచ్చదనానికి ఆనించి నెమ్మదిగా మామూలు చేయాలి. ప్యాట్రోల్ వారు వచ్చి ఆ తండ్రి చంకలో ఆ చేతులు పెట్టించారు. రంగు తిరిగివచ్చింది, ఆ పాప ఏడ్చింది. ఆ ఏడుపు మంచి లక్షణమని, స్పర్శ తిరిగివచ్చిందనడానికి గుర్తని ప్యాట్రోల్ ఆయన చెప్పాడు. ఆ తండ్రి నన్ను ఒక్క మాట అనలేదు. నేను అబద్ధం చెప్పానని ఆయనకు తెలుసు, నాకు తెలుసు.

సాయంత్రం ఆ పెద్దావిడ దగ్గరకు వెళ్ళి జరిగినదంతా చెప్పాను. ఆవిడ నన్ను మందలించలేదు. లిఫ్టు ఎప్పుడు కదులుతుందన్నది నీ చేతిలో లేదు, నువ్వు మళ్ళీ ఎప్పుడు వచ్చి చెబుతావన్నది మాత్రం నీ చేతిలోనే ఉంది, దాని గురించి మాట ఇవ్వు అన్నది. నేను ఆ పనిలో నేర్చుకున్నవాటిలో ఇంతకు మించినది లేదు. మళ్ళీ గాలి వీచిన రోజున నేను వరుస పొడుగునా నడుస్తూ, "శిఖరం మీద గాలి తగ్గలేదు. ఎప్పుడు తగ్గుతుందో ఎవరికీ తెలియదు. పిల్లలతో ఉన్నవారు లోపల కూర్చోవడం మంచిది. సరిగ్గా పదకొండు గంటలకు నేను లోపలికే వచ్చి మీకు సంగతి చెబుతాను" అని చెప్పాను. పదకొండు గంటలకు చెప్పడానికి కొత్త సంగతి లేకపోయినా వెళ్ళాను. కొత్త సంగతి లేదనే చెప్పి, పదకొండున్నరకు మళ్ళీ వస్తానన్నాను. జనం అరవలేదు. మనిషి ఆలస్యాన్ని ఓర్చుకుంటాడు. తనను ఎవరూ పట్టించుకోవడం లేదన్న అనుమానాన్ని ఓర్చుకోలేడు.

అడిగిన ప్రశ్న వెనుక అసలు ప్రశ్న వేరే ఉంటుందన్నది కూడా మీకు చెప్పాలి. అమెరికాలో స్కీ దారులకు గుర్తులు ఉంటాయి: ఆకుపచ్చ వృత్తం తేలిక, నీలి చదరం మధ్యరకం, నల్లని డైమండు కష్టం. "ఈ నీలి దారి తేలికేనా?" అని అడుగుతారు. ఆ గుర్తులు ఆ కొండలోని దారులను ఒకదానితో ఒకటి పోల్చి పెట్టినవి. దేశమంతటికీ ఒకే కొలత లేదు. చదునైన రాష్ట్రంలో ఒక చిన్న గుట్ట మీద నీలి దారిలో హాయిగా జారినవాడు, ఇక్కడి నీలి దారి అంచుకు వచ్చి కిందికి చూసి కదలలేక కూర్చుండిపోతాడు. కాబట్టి జవాబు చెప్పకముందు మేము మూడు సంగతులు అడుగుతాం: ఇంతకుముందు ఎక్కడ జారారు, ఈ రోజు ఎన్నిసార్లు దిగారు, మీతో ఎవరున్నారు. మూడో ప్రశ్నకు వచ్చే జవాబే ఎక్కువసార్లు దారిని నిర్ణయిస్తుంది. మూసిన దారికి అడ్డంగా కట్టిన తాడును దాటబోయేవారిని ఆపడం కూడా మా పనే. కొలరాడోలో 1979 నాటి స్కీ భద్రతా చట్టం ప్రకారం అది నేరం. చట్టం పేరు చెప్పి ఆపడం కన్నా, తాడు అవతల రాళ్ళు తేలి ఉన్నాయని చూపిస్తే ఎక్కువమంది వెనక్కి తిరుగుతారు.

తెలుగువాళ్ళు కూడా ఇప్పుడు పెద్ద సంఖ్యలో అక్కడికి వస్తున్నారు. ఎక్కువమంది జీన్సు ప్యాంట్లతో వస్తారు. నూలు బట్ట మంచుకు తడిస్తే ఆరదు, తడి బట్ట ఒంటిలోని వేడిని లాగేస్తుంది. మంచులో ఎండేమిటని ముఖానికి ఏమీ రాసుకోరు. కొత్త మంచు తన మీద పడిన అతినీలలోహిత కిరణాలలో 80 శాతం దాకా తిప్పికొడుతుంది కాబట్టి గడ్డం కింద, ముక్కు రంధ్రాల అంచున కూడా చర్మం కమిలిపోతుంది. రోహిణి కార్తె ఎండలో పొలంలో నిలబడి కూడా కమలని ముఖాలు అక్కడ ఒక్క మధ్యాహ్నంలో కమిలిపోవడం చూశాను.

మా రిసార్టులో ఇచ్చే పేరు బిళ్ళ మీద మన పేరు కింద మన సొంత ఊరి పేరు కూడా ఉంటుంది. నా బిళ్ళ మీద "నెల్లూరు, ఇండియా" అని ఉండేది. మూడో చలికాలంలో ఒక రోజు మధ్యాహ్నం పన్నెండేళ్ళ అబ్బాయి ఒకడు ఆ బిళ్ళ చదివి, వెనక్కి పరుగెత్తి, ఎవరినో ఇంగ్లీషులో కేకవేశాడు. బల్ల మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. చీర మీద కొడుకు కోటు, కోటు మీద శాలువా, తలకు మంకీ క్యాప్, కాళ్ళకు గుడ్డ బూట్లు. నేను దగ్గరకు వెళ్ళగానే నా చెయ్యి పట్టుకుని, "నీది నెల్లూరా పాపా? మాది ఉలవపాడు" అన్నది. మామిడి తోటల ఊరి మాట ఆ మంచులో వినగానే నాకు కళ్ళు చెమర్చాయి. ఆమె నన్ను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: "ఈడ కాసేపు పడుకోను యాడన్నా చోటుందా?"

ఆ ప్రశ్నకు జవాబు ఉంది. లోపల మెత్తటి సోఫాలు ఉన్నాయి, చూపించి రావచ్చు. అవ్వకు నిద్ర వస్తోంది, అంతే అనుకుని ఉంటే నేను అదే చేసేదాన్ని. కానీ మధ్యాహ్నం పన్నెండున్నరకు, మనవళ్ళు ఎదుటే ఆడుతుంటే, ఏ అవ్వా ఊరికే పడుకోవాలనుకోదు. పక్కన కూర్చుని, "అవ్వా, పొద్దున ఏం తిన్నావు?" అని అడిగాను. ఏమీ తినలేదు, తింటే వాంతి వచ్చేటట్టు ఉందన్నది. రాత్రి నుంచి తల పగిలిపోతోందన్నది. నీళ్ళు తాగావా అంటే, మాటిమాటికీ బాత్‌రూముకు పోవాలని, ఆ కోటు అన్నిసార్లు విప్పలేక తాగలేదన్నది. ముందురోజు సాయంత్రం డాలస్ నుంచి విమానంలో డెన్వర్ దిగి, రాత్రికి రాత్రే కారులో పైకి వచ్చేశారట. ఐదు వందల అడుగులు కూడా లేని ఊరి నుంచి ఒక్క పూటలో తొమ్మిది వేల అడుగుల పైకి. మరి కొడుకుతో చెప్పలేదా అంటే, "పిలకాయలు ఆడుకుంటా ఉండారు గదా. నేను చెబితే ఎనక్కి పోదామంటారు. ఆళ్ళ ఆట చెడిపోద్దని గమ్మునుండాను" అన్నది.

ఆ మాట మీరు ఏ ఇంట్లోనైనా విని ఉంటారు. పరాయి దేశపు హోస్ట్ ఎవరైనా అక్కడ ఉంటే, ఆమె నవ్వు ముఖం చూసి బాగానే ఉందనుకునేవారేమో. ఎత్తు ప్రదేశపు జబ్బుకు తొలి లక్షణాలు ఇవే: తలనొప్పి, వికారం, నీరసం. ఒళ్ళు ఆ ఎత్తుకు అలవాటు పడకముందే పైకి రావడమే దానికి కారణం. దాన్ని పట్టించుకోకుండా ఇంకా పైకి వెళ్తే ఊపిరితిత్తుల్లోకీ మెదడులోకీ నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చు. అన్నిటికన్నా నమ్మకమైన మందు కిందికి దిగడం. కుటుంబం ఆ మధ్యాహ్నం కేబుల్ కారులో ఇంకో రెండు వేల అడుగులు పైకి వెళ్ళడానికి టికెట్లు కొనుక్కుని ఉంది. నేను వాకీటాకీలో ప్యాట్రోల్‌ను పిలిచాను, కొడుకును వెతికించాను. కింది ఆసుపత్రి గదిలో ఆమె వేలికి చిన్న క్లిప్పు పెట్టి చూసి ప్రాణవాయువు గొట్టం పెట్టారు. అరగంటలో ముఖంలోకి వెలుగు వచ్చింది, కాసిని పాలు తాగింది. డాక్టరు సలహా మీద ఆ సాయంత్రమే వాళ్ళు డెన్వర్‌కు దిగిపోయారు. కారు ఎక్కేముందు కొడుకు నన్ను పక్కకు పిలిచి, "మా అమ్మ నాకు చెప్పలేదక్కా, మీకెట్లా చెప్పింది?" అని అడిగాడు. నేను పక్కన కూర్చుని అడిగాను, అంతే. నిలబడి అడిగితే చెప్పి ఉండేది కాదని నా నమ్మకం.

తప్పిపోయిన పిల్లల గురించి కొంచెం చెప్పి ముందుకు పోతాను. శిరస్త్రాణం, కళ్ళద్దాలు, మెడ గుడ్డ కట్టుకున్నాక ఆరేళ్ళ పిల్లలందరూ ఒకేలా ఉంటారు. తల్లి కూడా వేరేవాళ్ళ బిడ్డను తన బిడ్డ అనుకుని పట్టుకోవడం చూశాను. మేము బిడ్డను దొరికిన చోటనే ఉంచి, వాకీటాకీలో చెబుతాం. మోకాలి మీద కూర్చుని, మా కళ్ళద్దాలు తీసి, మా ముఖం చూపించి మాట్లాడతాం. పొద్దున లిఫ్టు ఎక్కకముందే తల్లిదండ్రుల ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసి పిల్లల లోపలి జేబులో పెట్టమని చెప్పడమే అన్నిటికన్నా పెద్ద సాయం.

ఈ పని నేర్చుకోవడానికి అమెరికాకే వెళ్ళనక్కరలేదు. కశ్మీరులోని గుల్మార్గ్‌లో 1998లో మొదటి దశ, 2005లో రెండో దశ తెరిచిన కేబుల్ కారు జనాన్ని అఫర్వత్ కొండ మీద దాదాపు 13 వేల అడుగుల దాకా చేరుస్తుంది. అక్కడికి మన తెలుగు కుటుంబాలు ఎన్నో వెళ్తున్నాయి. తెలుగు, హిందీ, ఇంగ్లీషు వచ్చి, ఎత్తు సంగతి తెలిసిన మనిషి ఆ వరుస పక్కన నిలబడితే ఎంతో మేలు జరుగుతుంది. మీలో ఎవరైనా ఆ ఆలోచన చేయవచ్చు.

అయితే నా మనసు ఇంకా దగ్గరి చోటు మీద ఉంది. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గాలో రొట్టెల పండుగ జరుగుతుంది కదా. మన ఊరికి లక్షల్లో జనం వచ్చే రోజులవి. కర్ణాటక నుంచి, తమిళనాడు నుంచి, మహారాష్ట్ర నుంచి వస్తారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె, ఇల్లు రొట్టె, వీసా రొట్టె. కోరిక ఉన్నవాళ్ళు చెరువు నీళ్ళలో దిగి, ఆ కోరిక తీరినవాళ్ళ చేతి నుంచి రొట్టె తీసుకుంటారు, తమ కోరిక తీరాక వచ్చి మరొకరికి ఇస్తారు. నా చిన్నప్పుడు మా మామ అక్కడ వాలంటీరుగా ఉండేవాడు. వాహనాలను దూరంగా నిలిపేసిన చోటి నుంచి బిడ్డను చంకనేసుకుని నడుస్తూ వచ్చిన ఒక కన్నడ తల్లి, సంతాన రొట్టె ఎక్కడిస్తారని ఆయన్ని అడిగింది. ఆయన ఎంతో ప్రేమగా "దగ్గరేనమ్మా" అని చెయ్యి చూపించాడు. చాలాసేపటి తర్వాత అదే తల్లి మళ్ళీ మా ముందు నుంచే, చెరువు చుట్టూ తిరిగి వస్తూ కనిపించింది. మామ మంచి మనిషి. ఆ రోజున తను ఏం పొరపాటు చేశాడో ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. కొలరాడోలో ఆ స్తంభాన్ని ఆనుకుని నిలబడినప్పుడు తెలిసింది.

నేను ఈసారి పండుగ దాకా ఊళ్ళోనే ఉంటాను. వాలంటీర్లతో కలిసి నిలబడటానికి పెద్దలను అడిగాను, సరేనన్నారు. పోయిన వారం మా అమ్మను తీసుకుని అక్కడికి వెళ్ళాను. అమ్మకు డెబ్బై నాలుగేళ్ళు, రెండు మోకాళ్ళూ నొప్పి. రోడ్డు దగ్గర ఆటో దిగి, దర్గా ముందు నుంచి చెరువు మెట్ల దాకా నేను ఒక్కదాన్నే నడిస్తే నాలుగు నిమిషాలు పట్టింది. అమ్మ చెయ్యి పట్టుకుని నడిస్తే పదమూడు నిమిషాలు. దారిలో రెండుసార్లు కూర్చున్నాం. ఒకచోట వేపచెట్టు కింద గట్టు ఉంది, రెండోచోట కూర్చోవడానికి ఏమీ లేక అమ్మ నా భుజం మీద ఆనుకుని నిలబడింది. ఆ రెండో చోట రెండు కుర్చీలు వేయించాలని రాసుకున్నాను. ఇంకా నాలుగు దారులు ఉన్నాయి, వాటిని కూడా పెద్దవాళ్ళతో, చంటిబిడ్డలతో నడిచి కొలవాలి. మీలో నాతో రాగలిగినవారు సభ ముగిశాక ఈ బల్ల దగ్గర పేరు, ఫోన్ నంబరు రాసి ఇవ్వండి. వచ్చే ఆదివారం ఉదయం ఆరు గంటలకు దర్గా ముందు కలుద్దాం. ఇంట్లో అవ్వగాని తాతగాని నడవగలిగి ఉంటే వాళ్ళను కూడా తీసుకురండి.